గీసిన కిటికీ కింద ఆకు

గైడు అంటే పరీక్షలకు పది రోజుల ముందు పిల్లలు దొంగచాటుగా కొనుక్కునే పుస్తకమనే నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో సోషల్ చెబుతూ, గైడు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని బెదిరించినవాణ్ణి. రిటైరైన రెండో ఏట నేనే గైడునయ్యాను.

అది ఒక పెళ్లి కోసం. పుత్తూరు దాటి సత్యవేడు దోవలో పోతే ఒక పాత జమీ ఉంది. ఊరి పేరు రాయను. తెలిసినవాళ్లకు ఎట్లాగూ తెలుస్తుంది, తెలియనివాళ్లకు తెలిసి చేసేదీ లేదు. ఆ ఇంటిని చుట్టుపక్కల పల్లెలన్నీ దివాణం అంటాయి. జమీ పోయి ఎంతకాలమైనా ఆ పేరు పోలేదు. ఇంటి యజమానికి డెబ్బై ఆరేళ్లు. ఊళ్లో ఆయన పెద్దాయన, ఆయన భార్య పెద్దమ్మగారు. వాళ్ల మనవరాలి పెళ్లికి ఎక్కడెక్కడి పాత జమీల బంధువులో దిగుతున్నారు. వాళ్లను తిరుపతిలో ఒక హోటల్లో ఉంచి, రెండు రోజులు చుట్టుపక్కల తిప్పి చూపించి, పెళ్లి ముందురోజు మధ్యాహ్నానికి దివాణం చేర్చాలి. చూసినదాన్ని వివరించి చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఎప్పుడో ఒక సావనీరులో దివాణం మీద నేను రాసిన వ్యాసం పెద్దమ్మగారి కంటబడిందట. అందులో చరిత్ర రెండు పేరాలు, మిగతాది నేను. ఆమె ఫోన్ చేసి అడిగితే, ఆలోచించి చెబుతానన్నాను, బెట్టుగా.

"బస్సులో మైకు ఇస్తారంటనా?" అని అడిగింది మా ఆవిడ.

"ఇస్తారంట."

"ఇంకేం ఆలోచిస్తారు, పోండి. రెండేండ్లుగా మీ క్లాసంతా నేనొక్కదాన్నే గదా."

అట్లా పోయాను.

మొదటి రోజు చంద్రగిరి. కోటను వాళ్లు చూశారు, వాళ్లను నేను చూశాను. ఒకాయన తన దిండు తానే చంకలో పెట్టుకుని వచ్చాడు. పరాయి దిండు మీద తల పెడితే పరాయి కలలు వస్తాయట. ఇంకొకాయన ఏ గోడ చూసినా "ఇది మనవాళ్లదా?" అని అడిగేవాడు. కాదంటే ఆ గోడ మీద ఆసక్తి పోయేది. పన్నెండు గోడలు దాటాక నాకే ఓపిక అయిపోయి, అన్నీ మీవాళ్లవేనండి అన్నాను. పాపం, టిక్కెట్లు ఇచ్చే గది గోడను కూడా ఆప్యాయంగా తడిమాడు. ఆడవాళ్లు నగలు పెట్టుకోలేదు. నగలు పెట్టుకోనవసరం లేనివాళ్లమని తెలిసేటట్టుగా పెట్టుకోలేదు. పిల్లలు రాణీమహల్ మెట్ల మీద ఒకే అడుగును పదిసార్లు వేసి వీడియో తీసుకున్నారు. ముసలివాళ్లు మాత్రం ఆ ఖాళీ గదులను, గ్రూప్ ఫోటోలో తమ మొహం వెతుక్కునేవాళ్లలాగా వెతుకుతూ నడిచారు. ఆ చూపు చూస్తే నాకు కొంచెం భయం వేసింది. వాళ్లు కోటను చూస్తున్నట్టు లేదు. కోటే వీళ్లను గుర్తుపట్టడం లేదనిపించింది.

బస్సెక్కిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టేవాణ్ణి. హాజరు వేసే అలవాటు పోవాలంటే నేనే పోవాలి. నలభై రెండు మంది. చంద్రగిరిలో నలభై రెండు, హోటల్ దగ్గర నలభై రెండు.

రెండో రోజు పొద్దున తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేయించి బస్సెక్కించాక లెక్కపెడితే నలభై మూడు వచ్చింది. మళ్లీ పెట్టాను. నలభై మూడే. నన్ను కూడా కలుపుకున్నానేమోనని అనుమానం వచ్చింది గానీ, నేను మామూలుగా లెక్కలోకి వచ్చే మనిషిని కాను. మూడోసారి, ఈసారి సీట్లు ముట్టుకుంటూ పోతే, డ్రైవరు వెనక కిటికీ పక్కన ఒక ముసలామె కనిపించింది. బెల్లం రంగు నేత చీర, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, ఒళ్లో గుడ్డసంచి. నుదుట అమ్మవారి కుంకుమ ఇంకా తడిగా ఉంది. పెళ్లికూతురి వైపువాళ్లను అడిగితే పెళ్లికొడుకు వైపేమో అన్నారు. వాళ్లను అడిగితే వీళ్లవైపు చూపించారు. పెళ్లిళ్లలో ఇట్లాంటి మనిషి ఒకరుంటారు. అందరికీ చుట్టం, ఎవరికీ తెలియదు. సరే అనుకుని మైకు అందుకున్నాను.

పుత్తూరు దోవలో దివాణం గురించి చెప్పడం మొదలుపెట్టాను. "ఈ దివాణానికి నూట ఒక్క కిటికీలు..."

"తొంబై ఎనిమిది," అంది డ్రైవరు వెనక సీట్లో నుంచి ఒక గొంతు.

ఆ ముసలామే. బస్సంతా ఆమె వైపు తిరిగింది. ఆమె మాత్రం బయటికే చూస్తూ ఉంది.

"నూటొకటి కనపడతాయమ్మా. నేను లెక్కబెట్టినాను."

"కనపడతాయి. మూడు గీసినవి, గోడ మింద రంగుతో. ఆ పక్క ఎన్నుంటే ఈ పక్క గూడా అన్ని ఉండల్లని గీయించినారు. సిన్నప్పుడు ఒకదాన్ని తెరవబోయి గోళ్లు ఇరగ్గొట్టుకున్నా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మైకు ఉన్నవాడు నవ్వక తప్పదు. దివాణంలో ఒకప్పుడు పనిచేసిన మనిషి అయి ఉంటుందని అనుకున్నాను. చరిత్ర చెప్పేవాడికి ఆ మాత్రం ఊహాశక్తి ఉంటుంది, తప్పు వైపు.

కాసేపటికి పెద్దమ్మగారి ఫోన్ వచ్చింది.

"అయివారూ, ఒక ఇబ్బంది వచ్చింది. మధ్యాహ్నం పెద్దల బంతి గదా. ఒక ఆకు ముందర కూర్చునే ముత్తైదువ స్నానాల గదిలో కాలు జారి పడిందంట. డెబ్బై దగ్గర పడినామె కావాల. మా చుట్టాలు కాకూడదు. దోవలో ఎవరైనా దొరుకుతారా?"

పెద్దల బంతి సంగతి చెప్పాలి. మన ఇళ్లలో పెళ్లికి ముందు, పోయినవాళ్లకు బట్టలు పెట్టుకుంటాం గదా, అదే. దివాణం కాబట్టి కొంచెం విస్తారంగా. పోయిన ఒక్కొక్కరి ఫోటో కింద ఒక ఆకు వేస్తారు. ఆకు ముందర, పోయినవాళ్లు బతికి ఉంటే ఇప్పుడెంత వయసు ఉంటారో అంత వయసున్న బయటి మనిషిని కూర్చోబెడతారు. నూరు దాటినవాళ్లకు దొరికినంత ముసలివాళ్లను సర్దుతారు. ఆ పూటకు ఆ కూర్చున్న మనిషే పోయిన మనిషి. భోజనం అయ్యాక ఇంటి యజమాని ఆకు ముందర మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, "కడుపు నిండిందా?" అని అడుగుతాడు. "నిండింది" అనాలి. అప్పుడు ఆయన తల ఎత్తి, ఆ మొహం చూసి, కాళ్లకు మొక్కి, కొత్తబట్టలు ఇస్తాడు. జవాబు రాకపోతే మూడుసార్లు అడగొచ్చు. మూడోసారికీ "నిండింది" రాకపోతే ఆ పెళ్లి చెయ్యరు. ఎప్పుడూ అట్లా జరగలేదట. కడుపు నిండకపోయినా దివాణంలో ఆ మాట అనే ధైర్యం ఎవరికుంటుంది?

బస్సులో అందరూ చుట్టాలే, ఒక్క నలభై మూడో మనిషి తప్ప. ఎక్కువైన తల ఒకటి, తక్కువైన తల ఒకటి. జీవితంలో నాకు ఇంత చక్కగా కుదిరిన లెక్క ఇంకోటి లేదు. "దొరికిందమ్మా," అనేశాను, ఆమెను అడగకుండానే.

నారాయణవనంలో బస్సు ఆగింది. అక్కడి గుళ్లో పెద్ద తిరగలి ఒకటుంది. స్వామివారి పెళ్లికి పిండి విసిరింది అందులోనే అంటారు. "ఇది మనవాళ్లదా?" అని అడిగాడు గోడల పెద్దమనిషి. "పెళ్లికూతురి వైపుదండి," అన్నాను. వాళ్లు ఫోటోలు తీసుకుని ముందుకు కదిలాక, తిరగలి పక్కన ఆ ముసలామె ఒక్కతే మిగిలింది. పోయి విషయం చెప్పాను, ఉపకారం చేసేవాడి గొంతుతో.

ఆమె రాయి మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"ఎవురి ఆకు?" అంది.

"పెద్దాయన చెల్లెలిదంట. పంతొమ్మిదేండ్లకే పోయింది పాపం."

"యాడికి పోయింది?"

"పోయిందంటే... చనిపోయింది."

"లేదు," అంది. "పలమనేరుకు పోయింది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. గుళ్లో ఎవరో గంట కొట్టారు. ఆమె నా మొహం చూసి జాలిపడింది.

"కూసో అయివారూ. నిలబడలేవు నువ్వు."

కూర్చున్నాను. ఆమె నిలబడే చెప్పింది. దివాణం ఆవుకు సుస్తీ చేస్తే పశువుల ఆస్పత్రి కాంపౌండరు వచ్చాడట. ఆరు దినాలు వచ్చిపోయినాడట. "ఆవు బతికింది. నేను సచ్చినాను," అంది. ఏడో దినం ఆమె అతనితో పలమనేరు బస్సెక్కింది. కులం వేరు, అంతస్తు వేరు, తక్కినవి అడగొద్దంది. పదకొండో దినం ఆమె నాయన ఇంట్లో ఆకు వేయించి, బతికున్న కూతురి ఫోటోకు దండ వేయించాడు. ఆ కబురు చెప్పిన పనిమనిషి ఏడుస్తుంటే, తనకు నవ్వు వచ్చిందట.

"ఆ తరవాత మా అన్న పెండ్లి అయింది. అన్న కొడుకు పెండ్లి అయింది. అన్నింటికీ నాకు ఆకు పడతానే ఉండాది. ఎవురో తినినారు, ఎవురో నా సీర కట్టుకోని పోయినారు. యాభై ఒక్క ఏండ్లు."

"మరి ఇప్పుడెందుకు వచ్చినారమ్మా?"

"గోడ బయట నిలబడి ఊరేగింపు సూసి పోదామని. అమ్మవారి గుడి తావ మీ బస్సుకు కట్టిన గుడ్డ మింద దివాణం పేరు సూసి నిలబడినా. పట్టుచొక్కా పిల్లోడు, పెండ్లివాళ్లేనా అవ్వా అన్నాడు. అవున్నాయనా అన్నా. అబద్ధమా?"

కాదన్నాను. ఫోన్ తీశాను. "మనిషి దొరకలేదని చెప్పేస్తానమ్మా."

"దొరికిందని సెప్పేసినావా?"

"చెప్పేసినాను."

"అయితే దొరికినట్టే. వాళ్లంతట వాళ్లు పిలిచినారు, పోనీ." రాయి మీద నుంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "నాకు ఒకటే. నిండింది అన్నాక మా అన్న తల ఎత్తి నా మొగం సూడల్ల గదా. అది ఆచారం. సూసి, ఇది బతికుండాది అనుకుంటే సాలు. పైకి అనాల్సిన పనిలే. ఆ ఇంట్లో ఒక్కరు నన్ను సూసినారని నాకు తెలిస్తే సాలు."

అప్పుడు సంచిలో నుంచి చిన్న ఫోన్ తీసి మాట్లాడింది. అవతల ఆ కాంపౌండరే. ఇప్పుడు రెండు ఆవులూ మోకాళ్ల నొప్పులూ ఉన్న ముసలాయన.

"ఏం జేస్తా ఉండావు? ... పాలు పొంగిపోయినాయా? నేను గడప దాటితే సాలు పొంగిస్తావు. ... వస్తా. ఈ పూట మా ఇంట్లో బోంచేసి వస్తా."

 ఫోన్ సంచిలో వేసుకుని, నాకంటే ముందే బస్సు వైపు నడిచింది.

దివాణం దాకా నేను మైకు ముట్టుకోలేదు. "గైడుగారికి గొంతు పోయినట్టుంది," అన్నారెవరో. గొంతు ఉంది. పోయిందల్లా గైడే.

మధ్యాహ్నం దాటాక, లోపలి పొడుగు సావిట్లో ఆకులు వేశారు. గోడ పొడుగునా ఫోటోలు. మొదట మీసాలూ తలపాగాలూ, తర్వాత కోట్లూ వాచీ గొలుసులూ. వరస చివర, చోటు చాలక, ఒక కిటికీ మీదనే ఒక ఫోటో కొట్టారు. కిటికీ మీద మేకెట్లా కొట్టారా అని దగ్గరికి పోయి చూస్తే అది గీసింది. నీలం రంగు తలుపు ఓరగా తెరిచినట్టు, వెనకాల చీకటి ఉన్నట్టు, కుంచెతో గీసింది. ఫోటోలో రెండు జడల పిల్ల. ఎవరో పిలిస్తే అప్పుడే తల తిప్పినట్టుంది.

దాని కింద ఆమె కూర్చుంది. పెద్దమ్మగారే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. పెద్దమ్మగారు ఆ ఇంటికి తర్వాత వచ్చిన కోడలు. ఆ రెండు జడల పిల్లను ఎప్పుడూ చూసినామె కాదు. "యా ఊరమ్మా మీది?" అని మర్యాదకు అడిగారు. "పలమనేరు పక్కన," అంది ఆమె.

బస్సులో వచ్చిన అతిథులంతా గడప ఇవతల నిలబడ్డారు. పొద్దున్నుంచీ అన్నింటికీ ఫోన్లు ఎత్తినవాళ్లు, ఇక్కడ ఎవరూ చెప్పకుండానే ఫోన్లు లోపల పెట్టుకున్నారు. దిండాయన దిండును గుండెలకు పట్టుకున్నాడు. గోడలాయన నా చెవిలో, "ఇదంతా మనవాళ్లే," అన్నాడు. ఈసారి అడగలేదు. చెప్పాడు.

వడ్డన అయింది. కూర్చున్నవాళ్లు మాట్లాడకుండా తిన్నారు. ఆమె అన్నం కలుపుతూ కలుపుతూ మధ్యలో చేయి ఆపి, సావడి పైకప్పు చూసి, మళ్లీ కలిపింది. పెద్దాయన మొదటి ఆకు నుంచి మొదలుపెట్టారు. ఆకు ముందర పీట, పీట మీద మోకాళ్లు, వంచిన తల. "కడుపు నిండిందా?" "నిండింది." తల ఎత్తి చూడటం, మొక్కడం, బట్టలు. మళ్లీ పక్క ఆకు. పదిహేను ఆకులూ ఒకే రాగంలో గడిచిపోయాయి.  

చివరి ఆకు. ఆయన మోకరిల్లారు. తల వంచారు.

"కడుపు నిండిందా?"

జవాబు లేదు.

పెద్దమ్మగారు నా వైపు చూశారు. చెప్పి తీసుకురాలేదా అన్నట్టు.

"కడుపు నిండిందా?" అన్నారాయన రెండోసారి, తల ఎత్తకుండా.

ఆమె ఆకు వైపు చూస్తూ, పక్కింట్లో భోజనానికి కూర్చున్నంత మామూలుగా అంది. "ఊరుబిండి ఏసిండ్లేదే."

ఊరుబిండి అంటే వేయించిన వేరుసెనగ గింజలూ మిరపకాయలూ తెల్లగడ్డలూ, అంటే వెల్లుల్లీ, వేసి, బరకగా నూరిన పచ్చడి. మా వైపు ప్రతి ఇంట్లో ఉంటుంది. పెద్దల ఆకులో మాత్రం ఉండదు. తెల్లగడ్డలు పెద్దలకు నిషిద్ధం. గడప ఇవతల ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

పెద్దాయన తల అట్లాగే ఉంది. వంగిన వీపు మాత్రం నాకు కనిపిస్తూ ఉంది. ఆ వీపు ఒకసారి బిగుసుకుని, మెల్లగా వదులయింది.

"ఊరుబిండి తెప్పించండి," అన్నారు.

"పెద్దల ఆకుకి ఊరుబిండి ఎప్పుడూ..." అన్నారు పెద్దమ్మగారు.

"తెప్పించండి."

వెనక వంటవాళ్లు తమకోసం నూరుకున్నది, ఒక స్టీలు గిన్నెలో వచ్చింది. ఆయన గిన్నె తీసుకుని, తల వంచుకునే, తన చేత్తో ఆకులో వేశారు. ఇంకొంచెం వేశారు. ఆకులో ఆమె చేయి ఉంది. దాన్ని తప్పక చూసి ఉంటారు. ఆమె మూడు ముద్దలు తింది. 

"కడుపు నిండిందా?"

మూడోసారి. ఆయన గొంతు అడుగుతున్నట్టు లేదు.

"నిండింది, అన్నా," అంది ఆమె.

"అన్నా" అనేది ఆచారంలో లేదు. ఆయన తల ఎత్తాలి, మొహం చూడాలి. అది ఆచారంలో ఉంది. ఆయన వంచిన తలతోనే ముందుకు వంగి, ఆమె పాదాల మీద చేతులు పెట్టి, పెట్టినవాటిని తియ్యడం మరిచిపోయినవాడిలా ఉండి, తర్వాత చీర ఉన్న తట్టను నెట్టి, లేచి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మోకాళ్లు పట్టేసినాయేమోనని పక్కవాళ్లు చేయి అందించారు. తీసుకోలేదు.

ఆమెను బస్టాపు దాకా నేనే తీసుకుపోయాను. పెళ్లికి ఉండమంటే ఉండనంది. ఎండ తగ్గింది. చింతచెట్టు కింద బెంచీ మీద కూర్చుని, సంచిలో చీరను సర్దుకుంటూ అడిగింది.

"సూసినాడా అయివారూ?"

"మీరు చూడలేదా అమ్మా?"

"కండ్లు మూసుకున్నా. నిండింది అనేసినాక ఎందుకో భయమేసింది."

నేను జీవితమంతా పిల్లలకు నిజాలు చెప్పి మార్కులు వేసినవాణ్ణి. ఈ రెండు రోజులుగా పెద్దలకు అబద్ధాలు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. ఏది ఎప్పుడు చెప్పాలో అప్పటికి కలిసిపోయింది.

"చూసినాడమ్మా," అన్నాను. "బాగా చూసినాడు."

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. పాఠం అప్పజెప్పలేని పిల్లవాణ్ణి నేను అట్లా చూసేవాణ్ణి.

"కిటికీలు గూడా నూటొకటని సెప్పినావు గదా నువ్వు," అంది.

పుత్తూరు బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, "పోనీలే. నా మొగం సూసేటోడు పలమనేర్లో ఉండాడు," అని ఎక్కేసింది. నేను వెనక్కి వచ్చి అతిథులను లెక్కపెట్టాను. నలభై రెండు. లెక్క సరిపోయింది. అంత చెడ్డగా ఏ లెక్కా ఎప్పుడూ సరిపోలేదు.

మరుసటి రోజు పెళ్లి బాగా జరిగింది. అన్నీ చూశాను, ఏదీ గుర్తులేదు. తాంబూలాల దగ్గర పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. చేతిలో తమలపాకులు సర్దుతూ, వాటితోనే మాట్లాడుతున్నట్టు అడిగారు.

"నిన్నటి ఆ ముత్తైదువ. చివరి ఆకామె. మొగం ఎట్లుండాది అయివారూ?"

 "ఫోటోలో ఉన్నట్టే ఉండారు," అన్నాను. ఆ మూడు రోజుల్లో నేను చెప్పిన నిజం అదొక్కటే అనుకుంటాను.

ఆయన తలాడించారు. "బాగా తినింది. వచ్చే పెండ్లికి గూడా ఆమెనే పిలుచుకురా," అన్నారు. ఒక తమలపాకు ఎక్కువైంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, నా చేతిలో పెట్టారు.

ఆ వచ్చే పెళ్లి ఏడాదికే వచ్చింది, రెండో మనవరాలిది. మళ్లీ బస్సు, మళ్లీ మైకు. ఈసారి మా ఆవిడ వద్దంది. "పోయినసారి వచ్చినప్పట్నుంచీ మనింట్లో ఇద్దరికి మూడు అన్నం తట్టలు పెడతా ఉండారు మీరు," అంది. నిజమే. రెండుసార్లు పెట్టాను. అయినా పెద్దాయన మాట తీసేయలేక, అప్పుడు బస్టాపులో రాసుకున్న నంబరుతో పలమనేరుకు ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది. సంగతి చెప్పాను. దాచుకున్నది కూడా చెప్పేశాను. "ఆ దినం పెద్దాయన తల ఎత్తలేదమ్మా. కానీ మరుసటి రోజు, మీ మొగం ఎట్లుండాదని నన్ను అడిగినారు."

అవతల ఆవు మెడలో గంట వినపడింది. 

"నిన్నడిగినాడా?" అంది. "నన్నడిగింటే నేనే సెప్పింటా గదా."

"మళ్లీ రమ్మంటున్నారమ్మా. ఆ ఆకు ముందర మీరే కూర్చోవాలంట."

"లేదు అయివారూ. నిండిందని సెప్పినా గదా. సెప్పినాక మళ్లా ఎట్ల కూసుంటా? ఆకలైన దాన్ని ఎవుర్నన్నా సూసుకో."

పెట్టేసింది. కోపంగా కాదు. పాలు పొంగుతున్నాయేమో.

తిరుచానూరులో పూలమ్మే ఒకామెను మాట్లాడి పెట్టుకున్నాను. డెబ్బై దగ్గర పడినామె, మంచిది, నవ్వు మొహం. ఎట్లా కూర్చోవాలో, ఏమనాలో బస్సులోనే నేర్పించాను. మూడుసార్లు అడగొచ్చమ్మా, మూడుసార్లూ నిండింది అను, ఇంకేమీ అనొద్దు అన్నాను. సరే సామీ అంది.

సావిట్లో అదే వరస. అదే గీసిన కిటికీ, అదే రెండు జడల పిల్ల. మారింది ఒకటే. చివరి ఆకులో, పప్పు పక్కన, ఊరుబిండి ఉంది. "ఆ ఒక్క ఆకులో ఎందుకండీ?" అని కొత్త అతిథి ఒకాయన నన్ను అడిగాడు. "ఈ ఇంటి ఆచారం," అన్నాను. అసలు కథ తెలిసి కూడా నేను చెప్పని సంగతి, నా గైడు ఉద్యోగంలో అదొక్కటే.

పెద్దాయన చివరి ఆకు ముందర మోకరిల్లారు. పూలామె ఊరుబిండి ముట్టుకోలేదు. పక్కకు నెట్టి పెట్టింది.

"కడుపు నిండిందా?"

"నిండింది సామీ," అంది ఆమె, నేర్పినట్టే, వెంటనే.

ఆయన తల ఎత్తలేదు.

"కడుపు నిండిందా?"

"నిండింది సామీ."

మూడోసారి కూడా అడిగారు. మూడోసారి కూడా చెప్పింది. సావడి అంతా కదలబోయింది. తట్ట అందించడానికి ఎవరో వంగారు. ఆయన అట్లాగే, ఆకులోని ఆ ఊరుబిండి వైపు తల వంచుకుని, చిన్న గొంతుతో నాలుగోసారి అడిగారు.

పూలామె బెదిరి, గడప ఇవతల ఉన్న నా వైపు చూసింది. నేను నేర్పించింది మూడింటికే.